చుక్క కారని గోడ

మా బాబాయికి నేల గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఈ మాట ఆయనే చెప్తాడు. ఉయ్యూరు దగ్గర చెరకు వేసినన్నాళ్లూ ఆయన కాళ్ల కింద ఉన్నది నల్లమట్టి. గునపం ఎంత లోతు దించినా రాయన్నది తగలని నేల. అలాంటి మనిషి పొలం అమ్మి విజయవాడ వచ్చి, భవానీపురం వైపు కొండ మొదట్లో ఇల్లు కొన్నాడు. కొన్న మర్నాటి నుంచే కొండ గురించి కూడా ఆయనకే తెలుసు.

నేను కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పేదాన్ని. మా వాళ్లకు నా చదువు శుభలేఖల్లో పేరు పక్కన అచ్చేయడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

కొనే ముందు కొండకు రెండు వైపులా స్థలాలు చూశారు. పడమటి వైపు రాయి నిట్టనిలువుగా ఉంది. చూస్తేనే గుండె జారిపోతోందని అది వద్దన్నారు. తూర్పు వైపు నెమ్మదిగా వాలుతూ దిగింది. ఎంత ముచ్చటగా ఉందో అని మురిసిపోయి అటే కొన్నారు. కొండను కూడా పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు చూస్తే ఇంతే. మా కొండ రాయి పోత పోసిన ముద్ద కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరలన్నీ తూర్పుకు వాలి ఉన్నాయి. పడమట వాటి అంచులు మాత్రమే బయటికి కనిపిస్తాయి. అవి లోపలికి వాలి ఉన్నాయి కాబట్టి అటువైపు కొండ నిలువుగానే నిలబడగలిగింది. తూర్పున నేల వాలూ పొరల వాలూ ఒక్కటే. పొరల మధ్య రాయి వానలకు నాని జిగురుమట్టి అయిపోతుంది. దాని మీద పై పెచ్చు జారాలంటే కింద ఆసరా పోతే చాలు.

ఆ ఆసరా బాబాయే తీశాడు. వంటగది ఇరుకుగా ఉందని వెనక వాలును నిలువునా చెక్కించి, అక్కడ పిన్ని స్టవ్వు పెట్టించాడు. చెక్కిన చోట కట్టిన గోడే వంటగదికి వెనక గోడ. దాని వెనక నీళ్లు నిలవకుండా గొట్టాలు వదలమని నేను మేస్త్రీ ప్రాణం తీస్తే, వదిలాడు.

తొలి వానలకే గొట్టాల్లోంచి మట్టి నీళ్లు కారడం మొదలైంది. పిన్ని గుడ్డ పెట్టి తుడుచుకుని ఊరుకుంది. బాబాయికి మాత్రం తల కొట్టేసినట్టయింది. డెల్టాలో కాలువ కట్టకు నీరు ఊరిందంటే రైతు కంటి మీద కునుకుండదు. గడ్డీ మట్టీ కూరి, కాలితో తొక్కి మూసేదాకా మనిషి మనిషి కాదు. కట్టకు అది సరైన వైద్యమే. కాలువలో నీటికి పోవడానికి కాలువ ఉంది. కొండలో ఇంకిన వానకు మాత్రం ఈ గొట్టాలే దారి. అంత చిన్న తేడా ఆయన బుర్రకెక్కించడానికి నేను చెయ్యని ప్రయత్నం లేదు.

ఒక రోజు వెళ్లేసరికి గొట్టాలన్నీ సిమెంటుతో మూసి ఉన్నాయి. పైగా గోడ నిండా తెల్లటి టైల్సు. మూసిన ప్రతి మూతి మీదా ఒక దేవుడి బొమ్మ టైలు. వన్ టౌన్‌లో గోడ పక్కన ఎవరూ పాడు చెయ్యకుండా కొట్ల వాళ్లు అతికిస్తారే, అవే. ఇక్కడ నేను మళ్లీ తెరిపిస్తానన్న భయంతో అతికించాడు. దేవుణ్ణి పగలగొట్టి గొట్టం తెరిచే ధైర్యం ఎవరికుంటుందని ఆయన లెక్క.

వచ్చిన చుట్టాలందరినీ వంటగదిలోకి తీసుకెళ్లి, గోడ మీద అరచెయ్యి రాసి, తడి లేదని చూపించేవాడు. వాళ్లూ తలకాయలు ఊపేవారు. మరి ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతున్నాయని నేనడిగాను.

"కొండే తాగేసుద్ది. అంత కొండకి ఈ వానొక లెక్కా?" అన్నాడు.

తర్వాతి ఏడు అల్పపీడనం పట్టింది. వాన తెరిపి ఇవ్వలేదు. నేను వెళ్లేసరికి గోడ నడుం దగ్గర ఉబ్బి ఉంది. టైల్సు పగుళ్లిస్తున్నాయి. బాబాయి ముక్కాలి పీట వేసుకుని, తాపీతో పగుళ్లలో సిమెంటు కూరుతున్నాడు. ఆ ఉబ్బు పక్కనే నిలబడి పిన్ని పులుసు కలుపుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది, భయమూ వేసింది. బయటికి రమ్మని పిన్నిని చెయ్యి పట్టి లాగాను. వంట కాలేదంది. ఇంకో రెండు పూతలు వేస్తే సరిపోతుందని ఆయన.

చెరకులో నీళ్లు నిలిస్తే ఏం చేసేవాడివని అడిగాను.

"గట్టు కొట్టి డ్రెయిన్లోకి వదిలేవోళ్లం. లేపోతే పంట కుళ్లిపోదా?" అని, నా మొహం చూసి, "అది పొలమమ్మా. ఇది ఇల్లు" అన్నాడు.

పిన్ని స్టవ్వు కట్టేసింది.

"పంట పోద్దని గట్టు కొట్టారండీ. ఇక్కడ నుంచునేదాన్ని నేను. నా కోసం ఒక్క చిల్లు పొడవలేరా?"

ఆయన తాపీతో ఇంకో పగులు పూడ్చబోయాడు. పిన్నే మెట్ల కింది గునపం తెచ్చింది. దేవుడి బొమ్మను తాకి కళ్లకద్దుకుని, దాని మీదే పొడిచింది. మూడో దేవుడి దగ్గరికొచ్చేసరికి ఎర్రమట్టి నీళ్లు ఎగజిమ్మి వంటగది మడుగైంది. పులుసు గిన్నె ఎత్తుకుని పిన్నీ, బాబాయి రెక్క పట్టుకుని నేనూ ముందు గదిలోకి వచ్చి పడ్డాం.

నీళ్లు బయటికి పోబట్టి గోడ కాసేపు ఆగింది. మేం భోజనాలు చేసేదాకా ఆగింది. ఆ తర్వాత పై సగం కూలింది. దాంతోపాటు ఒక రాతి పెచ్చు జారి వచ్చి స్టవ్వు మీద బోర్లా పడింది. మరీ పెద్దది కాదు. దాని కింద పిన్ని ఒక్కతే పట్టేంత.

గోడ ఎందుకు పడిందని ఎవరడిగినా, దేవుణ్ణి పగలగొడితే ఊరుకుంటాడా అంటాడు బాబాయి. పిన్ని కాదనదు. ముందు గదిలో ఆయన పేపరు చదివే కుర్చీ తీసేసి అక్కడ కొత్త స్టవ్వు పెట్టుకుంది. కుర్చీ ఎక్కడ వేసుకోవాలని ఆయన అడిగాడు. కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అంది.

"పాత వంటగదిలో బోలెడు చోటుందండీ. వేసుకోండి."