పైకప్పు లేని గదికి తువ్వాలు

పోయిన ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఉదయం ఐదుంబావుకి, తబూక్‌లో మా నర్సుల హాస్టల్ గేటు ముందు బండెక్కాం. నేనూ, నా రూమ్మేటు సుగుణక్కా. ఉద్యోగం ముగించుకుని ఈ అరబ్బు దేశం నుంచి పూర్తిగా వెళ్ళిపోవడాన్ని ఇక్కడ ఫైనల్ ఎగ్జిట్ అంటారు. అక్క ఫైనల్ ఎగ్జిట్‌కి అప్పటికి తొమ్మిది రోజులుంది.

వీడ్కోలు కానుకగా ఏం కావాలని వార్డులో అందరం అడిగితే అక్క గాజులొద్దంది, సూట్‌కేసూ వద్దంది. ఎవరో ఫోన్లో చూపించిన ఫోటో ఒకటి పట్టుకుంది. ఈశాన్యాన కొండల నడుమ కిల్వా అనే చోట, వెయ్యేళ్ళకు పైబడి పాతవని చెప్పే క్రైస్తవ సన్యాసుల రాతి గదులు. "ఇరవై నాలుగేళ్ళు ఈ ఎడారిలో బతికాను. మనకంటే ముందు ఇక్కడ ప్రార్థన చేసుకున్నోళ్ళ చోటు ఒక్కసారి చూసి పోతానే," అంది.

అసలు కారణం వేరే ఉందని నాకు తెలుసు. నరసాపురం పక్కన అక్క వాళ్ళ ఊరి చర్చిలో ఒకప్పుడు పాట ఎత్తేది అక్కే. అక్క గొంతు కాలవ అవతలి గట్టుకి వినబడేదట. వచ్చిన మొదటి ఆదివారం నువ్వే పాట ఎత్తాలని ఊరి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఇక్కడేమో మా శుక్రవారం ప్రార్థన అంతా హాస్టల్ గదిలోనే. తలుపు కింద తడి తువ్వాలు చుట్టి పెడతాం. ఏసీ పెద్దది చేస్తాం. చప్పట్లకు బదులు మోకాళ్ళ మీద వేళ్ళు ఆడిస్తాం. మంచాల మీద కూర్చుని, గొంతు పళ్ళు దాటకుండా పాడతాం. మమ్మల్ని ఎవరూ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. భయం మాది, అలవాటు మాది. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇంజెక్షన్ ట్రాలీ సర్దడం కంటే ముందు తువ్వాలు చుట్టడం నేర్పిన ఘనత మా అక్కది.

"గొంతుందో పోయిందో అక్కడే తేల్చుకుంటాను రూతూ. ఊళ్ళో అందరి ముందూ తేలితే నా పరువేం కాను?" అంది బండెక్కుతూ.

డ్రైవరు ఖాదర్ భాయ్‌ది రాయచోటి. పదిహేనేళ్ళుగా మా హాస్టల్లో వాళ్ళందరికీ ఆయనే దిక్కు. వెళ్ళదలచిన వాళ్ళకు ఒక మాట: అది రక్షిత ప్రాంతం, అనుమతి ముందే తీసుకోవాలి. ఒంటరి బండిలో అసలు వెళ్ళకూడదు. మాకు అనుమతి తెచ్చి దారి చూపించినవాడు అబూ ఫారిస్ అనే ముసలాయన, ఆ కొండల్లో గొర్రెలు కాస్తూ పెరిగినవాడు. తన పికప్‌లో ముందు నడిచాడు. రెండు బండ్లకూ కలిపి పన్నెండు వందల రియాళ్ళు, వార్డు వాళ్ళే పెట్టుకున్నారు.

ఆరున్నరకి పెట్రోలు బంకు దగ్గర ఆగాం. అఫ్గాన్ కొట్లో అప్పుడే పొయ్యిలోంచి తీసిన చాటంత తమీజ్ రొట్టె, గిన్నెడు ఫూల్, అంటే బీన్స్ ముద్దకూర. రొట్టె విరుస్తూ ఖాదర్ భాయ్ అన్నాడు: "దుబాయ్ చూస్తామనే సిస్టర్లను చూసినా గానీ, రాళ్ళు చూస్తామనేవాళ్ళు మీరేమ్మా."

"రాళ్ళు కాదు భాయ్, ఇళ్ళు," అంది అక్క.

"ఇంట్లో ఎవురుండారమ్మా ఇప్పుడు?"

"అదే చూసొద్దామని."

ఎనిమిదింటికి తారు రోడ్డు వదిలాం. అక్కడ ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి కొంత తీసేశారు. ఆ తర్వాత రెండు గంటల పైన ఎర్ర ఇసుక, నల్ల రాయి, మళ్ళీ ఎర్ర ఇసుక. నడుం నొప్పున్నవాళ్ళు ముందు సీటు అడగండి. వెనక సీట్లో నా తల మూడుసార్లు టాపుకి తగిలింది. అక్క మాత్రం చంటిపిల్లలా కిటికీకి అతుక్కుని కూర్చుంది. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో రాత్రి డ్యూటీ బస్సులో కూడా ఇలాగే కూర్చునేది. నాకు ఇంటి మీద బెంగ పుట్టినప్పుడల్లా బయటి కొండలు చూపించి కబుర్లు చెప్పేది. పంతొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. అక్క వెళ్ళాక ఆ కిటికీ సీటు ఖాళీ అని తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది. అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. చెబితే ఇద్దరం మొదలెడతాం.

పదిన్నరకి చేరాం. నిజం చెప్పాలంటే ఫోటోలోనే బాగుంది. ఎర్రటి ఇసుకరాతి కొండ కింద వరసగా చిన్నచిన్న గదులు, గోడలు సగం కూలి ఉన్నాయి. ఒక గది ద్వారం పైరాయి మీద సిలువ గుర్తు. పడుకుంటే కాళ్ళు గోడకు తగిలేంత చోటు. అక్క చెప్పులు విడిచి, వంగి లోపలికి వెళ్ళి కూర్చుంది. గోడను చేత్తో నిమిరింది. "మన హాస్టల్ గదే నయమే," అంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఇక పాడక్కా," అన్నాను. అంటూనే అన్నం సంచీలోంచి తువ్వాలు తీశాను, నీళ్ళు చల్లాను, చుట్టి గడప దగ్గర పెట్టాను.

అక్క తువ్వాలు వంక చూసింది. తలుపు లేదు. తర్వాత పైకి చూసింది. కప్పు లేదు. నీలంగా ఆకాశం ఉంది.

నవ్వడం మొదలుపెట్టింది చూడండి! పొట్ట పట్టుకుని, గోడకు చేరగిలబడి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. అక్క అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

నవ్వు తగ్గాక పాట ఎత్తింది. మా గదిలో వినబడే ఆ సన్నటి గొంతే. ఆపి, ఇంకాస్త పైకి ఎత్తింది. మధ్యలో జీర వచ్చి తెగిపోయింది. దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ ఎత్తింది. మళ్ళీ అక్కడే తెగింది.

"పోయిందే రూతూ," అంది. "ఊళ్ళో వాళ్ళకి ఫోన్ చేసి వేరేవాళ్ళని చూసుకోమంటాను."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. "కాఫీ తాగితే సర్దుకుంటుందిలే," అని లేచి వచ్చేశాను.

అబూ ఫారిస్ అప్పటికే మంట వేసి కాఫీ కాచాడు. తాగుతూ ఉండగానే మధ్యాహ్నమైంది. ఖాదర్ భాయ్ చేతులూ కాళ్ళూ కడుక్కుని కాస్త ఎత్తుగా ఉన్న బండ ఎక్కాడు. చెవుల దగ్గర చేతులు పెట్టి, నమాజుకి పిలుస్తూ అజాఁ ఇచ్చాడు. కొండ మొత్తం మోగింది. తర్వాత ఆయనా అబూ ఫారిసూ ఇద్దరే పక్కపక్కన నిలబడి నమాజు చేసుకున్నారు.

అన్నాల దగ్గర అక్క అడిగింది: "ఉన్నది ఇద్దరే కదా భాయ్. పక్కనే ఉన్న మనిషిని పిలవడానికి అంత గొంతెందుకు?"

ఖాదర్ భాయ్ పులిహోర ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆలోచించాడు. "ఇద్దురున్నా అంతే, ఇన్నూరు మందున్నా అంతేమ్మా. తగ్గించి పిలిచేది మాకు నేర్పియ్యలేదు."

అక్క లేచి చెయ్యి కడుక్కుని, కొంగు నడుముకి దోపుకుని, గదుల్లోకి కాకుండా నేరుగా ఆ బండ దగ్గరికి వెళ్ళి నిలబడింది. అప్పుడు నాకు తట్టింది. ఇన్నేళ్ళలో మేం ఏ ఒక్క పాటా నిలబడి పాడలేదు.

పాట ఎత్తింది. గొంతు బొంగురుగా ఉంది, పై స్థాయిలో కాస్త వణికింది, కానీ తెగలేదు. కొండకు తగిలి మళ్ళీ మా దగ్గరికొచ్చింది. ఇంత గొంతును మా తలుపు కింద తువ్వాలుతో ఆపామా అనిపించి ఏడుపు ఆగలేదు.

మొదటి చరణం అవగానే అక్క ఆపి ఊపిరి తీసుకుంది. అబూ ఫారిస్ ఖాదర్ భాయ్‌తో అరబ్బీలో ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అంది అక్క భయంగా.

"అయిపోయిందా అని అడగతాండాడమ్మా."

"ఇంకా రెండు చరణాలున్నాయని చెప్పు."

రెండూ పాడింది.

రెండింటికి తిరుగు ప్రయాణం. చలికాలమే మంచిది, మార్చి దాటాక వెళ్ళకండి. ఒక్కొక్కరికీ ఐదు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి. అక్కడ గోడల మీద ఎక్కకండి, ఒక్క రాయీ తెచ్చుకోకండి. చూడటానికి పెద్దగా ఏముందంటారా? మీతో ఎవర్ని తీసుకెళ్తారన్న దాన్ని బట్టి ఉంటుంది.

చీకటి పడి తబూక్ దగ్గరపడుతుండగా టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే తువ్వాలు కనబడలేదు. ఆ గడప దగ్గరే మర్చిపోయాం.

"అబూ ఫారిస్‌కి ఫోన్ చేద్దునా? మళ్ళా అటు పోయినప్పుడు తెస్తాడు," అన్నాడు ఖాదర్ భాయ్.

"తీసెయ్యమని మాత్రం చెప్పు భాయ్, అక్కడ చెత్త ఉండకూడదు. తేనక్కర్లేదు," అంది అక్క.

"మరి వచ్చే శుక్రవారం తలుపు కింద ఏం పెడతాం?" అన్నాను. వేళాకోళానికే అన్నాను గానీ నా గొంతు నాకే ఎలాగో వినబడింది. వచ్చే శుక్రవారమే అక్కకి ఇక్కడ ఆఖరిది.

దూరంగా ఊరి దీపాలు కనబడుతున్నాయి. అక్క కిటికీలోంచి వాటినే చూస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"అది నీ ఇష్టం రూతూ. ఇక మీదట పాట ఎత్తేది నువ్వు కదా."