పెద్దమ్మ, పక్కింటి త్రీనాట్‌త్రీ

నా చిన్నప్పుడు, ఎనభైల మొదట్లో, అమెరికాలో మేముండే బాతెల్‌ ఊళ్లో మా పెరటి కంచె అవతల ఇంకా గుర్రాలు మేసేవి. తమ్ముడు పుట్టబోతున్నాడని అమ్మకు సాయంగా మచిలీపట్నం నుంచి మా పెద్దమ్మ వచ్చింది. అక్కడి ఆడపిల్లల కాలేజీలో ఆమె ఫిజిక్స్ లెక్చరర్. కేడెట్ అమ్మాయిలకు కవాతు, తుపాకీ కాల్చడం నేర్పే ఆఫీసరు కూడా ఆమే. తనకు తెలియని సంగతి ఒకటి ఉందని అప్పటిదాకా ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. మంచు మీద కారు ఎలా నడపాలో, అప్పటికి ఒక్కసారి కూడా మంచు చూడకుండానే, నాన్నకు వివరంగా చెప్పింది.

తమ్ముడు పుట్టాడు, బొద్దుగా, ఎప్పుడూ నిద్రపోతూ. పెద్దమ్మకు పని తగ్గిపోయింది. బయట వదలని వాన. కిటికీ దగ్గర నిలబడి ఆ వానను కూడా నిలబెట్టి కవాతు చేయిద్దామా అన్నట్టు చూసేది.

మా పక్కింట్లో ఓ రిటైరైన తెల్లాయన ఉండేవాడు. ఫెర్రీ పడవల్లో ఇంజన్లు బాగుచేసిన మనిషి. అమ్మ నేర్పినట్టు నేను ఆయన్ని అంకుల్ అనేదాన్ని. తను నాకు ఏ వైపు చుట్టమో మొదట్లో ఆయనకు అర్థం కాలేదు. తర్వాత ఆ పిలుపు వినపడితే చాలు, గ్యారేజీలోంచి బయటికొచ్చి మరీ చెయ్యూపేవాడు.

ఆయన దగ్గర పాత మిలిటరీ తుపాకీ ఒకటి ఉండేది. సైన్యం వదిలించుకున్న సరుకు అమ్మే కొట్లో, పీపాలో చీపుళ్లలా నిలబెట్టినవాటిలోంచి ఏరి తెచ్చుకున్నాడు. ఏటా నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగ ముందు ఊళ్లోని షూటింగ్ క్లబ్బులో గురి పందెం జరిగేది. మొదటి బహుమతి టర్కీ కోడి. అంతకుముందు రెండేళ్లూ పందెం మధ్యలో తూటా ఇరుక్కుపోయి ఆయన తుపాకీ మొరాయించింది. దాన్ని దీపపు స్తంభంగా మార్చుకొమ్మని స్నేహితులు ఏడిపించారు. ఈసారి కూడా ఇరుక్కుంటే నిజంగానే ఆ పని చేస్తానని ఆయన శపథం చేశాడు. లాంప్‌షేడ్ రంగు వాళ్లావిడ అప్పుడే ఎంచి పెట్టేసింది.

పందానికి ముందు వారం, తెరిచిన గ్యారేజీలోంచి ఆయన తుపాకీ బోల్టును, తూటాను లోపలికి తోసే ఆ ఇనప కడ్డీని, ముందుకీ వెనక్కీ ఆడిస్తున్న చప్పుడు మా వంటింటికి వినిపించింది. పెద్దమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

“త్రీనాట్‌త్రీ! మా కేడెట్లు కాల్చే తుపాకీ! ఏమే, ఇక్కడికెలా వచ్చిందే ఇది?” అంటూ కాన్వాస్ బూట్లు తొడుక్కుని, చీర మీద నాన్న రెయిన్‌కోటు వేసుకుని బయల్దేరింది. నేను వెనకే పరిగెత్తాను.

ఇద్దరూ మాట్లాడేది ఇంగ్లీషే. కానీ ఆమె ఇంగ్లీషు ఆయనకు, ఆయన ఇంగ్లీషు ఆమెకు అంతుపట్టలేదు. మధ్యలో నిలబడి ఇంగ్లీషులోంచి ఇంగ్లీషులోకి అనువాదం చెయ్యడం నా వంతయింది. “గాడిదకు గడ్డి పెట్టినట్టు తూటాలు కుక్కుతున్నాడు, చెప్పు ఆయనకి” అని తెలుగులో అంది పెద్దమ్మ. ఇంకో పద్ధతి ఉందేమో చూద్దాం అంటోందని నేను మర్యాదగా చెప్పాను.

ఆమె ముందు బోల్టు తెరిచి, లోపల ఏమీ మిగల్లేదని కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమింది. నా చేత కూడా చూపించింది. అప్పుడుగానీ బల్ల దగ్గరికి రాలేదు. అంకుల్ ఇందాక ఆడిస్తున్న, మందు లేని ఉత్తుత్తి తూటాలే ఇచ్చాడు. వాటి అడుగున పళ్లెం అంచులా ఓ చిన్న అంచు ఉంది. ఒక తూటా మీద ఇంకోటి పెట్టేటప్పుడు పైదాని అంచు కిందిదాని అంచుకి ముందుండాలి. వెనక పడిందో, బోల్టు పైదాన్ని తోసినప్పుడు అది కిందిదానికి తగులుకుని కదలనంటుంది. అంకుల్ అటూ ఇటూ చూడకుండా కుక్కేవాడు. తప్పు తుపాకీ కింద తగిలించే తూటాల పెట్టెదే అనుకుని, తూటాలను పట్టి ఉంచే దాని రేకు పెదాలు వంచడానికి పట్టకారు కూడా సిద్ధం చేసుకున్నాడు. పెద్దమ్మ ముందు ఆ పట్టకారు లాక్కుని రెయిన్‌కోటు జేబులో వేసుకుంది.

తర్వాత ఒక్కొక్క తూటా సర్ది బోల్టు ఆడించింది. అన్నీ వరసగా లోపలికెళ్లి, వరసగా బయటపడ్డాయి. అంకుల్ నోరు తెరిచి నవ్వేశాడు. మమ్మల్నిద్దర్నీ పందానికి రమ్మన్నాడు.

శనివారం క్లబ్బులో అందరూ గళ్ల చొక్కాల్లో, టోపీల్లో ఉన్నారు. మా పెద్దమ్మ ఒక్కతే చీరలో. “తుపాకీ ఇక ఆగదు. హామీ నాది” అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతోంది. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. వాళ్లు చేతులు కట్టుకుని దూరం నుంచి చూస్తున్నారు.

పందెం ముందు అలవాటు కోసం కొన్ని తూటాలు కాల్చుకోనిచ్చారు. మొదట్లో అంతా సాఫీగానే సాగింది. పెద్దమ్మ నా భుజం తట్టింది. ఇంతలో, తుపాకీ వేడెక్కాక, కాల్చిన తూటా ఖాళీ తొడుగు తుపాకీ గొట్టం లోపలే అతుక్కుని బోల్టు తెరుచుకోలేదు. అంకుల్ లాగాడు. పెద్దమ్మ అరచేత్తో గుద్దింది. ఊహూఁ. వెనకెవరో దీపపు స్తంభం మాట ఎత్తారు. నాకు ఏడుపొచ్చింది. “పెద్దమ్మా, లెట్స్ గో హోమ్, ప్లీజ్” అన్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. ఇందాక హామీ ఇచ్చిన గొంతుతోనే, అంతే గట్టిగా, “దిస్ ఒన్ ఐ డోంట్ నో. హూ నోస్?” అని అడిగింది.

ఈసారి అనువాదం అక్కర్లేకపోయింది. కట్టుకున్న చేతులన్నీ విడిపోయాయి. తలా ఒక సలహాతో అందరూ దగ్గరికొచ్చేశారు. మైదానం చూసుకునే ఎర్రటోపీ ఆయన గొట్టాన్ని గురివైపే ఉంచి, చెక్కముక్కతో కొట్టి బోల్టు తెరిచాడు. లోపల తూటా కూర్చునే చోట వేలు తిప్పి చూపించాడు. గోధుమరంగు జిగురు. తుప్పు పట్టకుండా సైన్యం పూసిన గ్రీజు, ఎన్నేళ్లదో. చల్లగా ఉంటే ఊరుకుంటుంది, వేడికి బంకైపోతుంది. ఇంజన్లు బాగుచేసిన అంకుల్ నుదురు కొట్టుకున్నాడు. బోల్టు ఊడదీసి, కాఫీకి కాచిన మరిగే నీళ్లు పోసి, ఇత్తడి బ్రష్‌తో తోమారు. గుడ్డ చాలకపోతే పెద్దమ్మ తన చేతిరుమాలు ఇచ్చింది. పూర్తిగా ఆరబెట్టి, చుక్క నూనె రాశారు. ఈలోగా ఆమె వాళ్లందరికీ తూటాల అంచుల సంగతి నేర్పేసింది. ఎవరో ఆమెకు కుర్చీ వేశారు.

పందెంలో తుపాకీ ఒక్కసారి కూడా ఆగలేదు. టర్కీ మాత్రం ఇంకెవరికో పోయింది. అంకుల్‌కి దక్కింది ఓ బేకన్ పొట్లం, ఉప్పు పట్టించిన పంది మాంసం. దాన్ని సరాసరి మా ఇంటికే తెచ్చాడు. పెద్దమ్మ పచ్చిమిరపకాయలు వేసి వేయించింది. అంకుల్ కళ్లనీళ్లు తుడుచుకుంటూ రెండోసారి వడ్డించుకున్నాడు.

పడుకునే ముందు అడిగాను, అంతమందిలో తెలియదని ఎందుకన్నావని. పెద్దమ్మ నా వైపు వింతగా చూసింది.

“తెలియదు కాబట్టి అన్నానే. తెలిసినట్టు ఇంకో రెండు గుద్దుంటే నా చెయ్యి విరిగేది.”

పెద్దయ్యాక నేను దేశానికి అటు కొసన, పిస్కాటవేలో ఓ హైస్కూల్లో ఎన్నో ఏళ్లు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. నాకు తెలియని ప్రశ్న వస్తే గొంతు దానంతటది సన్నబడబోయేది. ఆ క్షణంలో పెద్దమ్మను తలుచుకుని, తెలిసినవి చెప్పే గొంతుతోనే “ఇది నాకు తెలియదు. ఎవరికైనా తెలుసా?” అనేదాన్ని. అప్పుడు, ఏడాదంతా నోరు విప్పని పిల్ల ఎవరో వెనక బెంచీలోంచి మెల్లగా చెయ్యెత్తేది.