ఎర్ర రంగు పడిన కరకపుట్టు

కరకపుట్టుకు నన్ను పంపడానికి కారణం నా నోరే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో విశాఖపట్నంలో పటాలు తయారుచేసే ఒక చిన్న ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాణ్ణి. మన్యంలో ఏ ఊరి నేల కాఫీ మొక్కలకు పనికొస్తుందో తేల్చి పటం ఇమ్మని మాకు పని అప్పగించారు. పటంలో పనికొస్తుందని ఉన్న ఊళ్లకే మొక్కలు ఇస్తారు. సర్వే కుర్రాళ్లు ఊరూరా గోతులు తవ్వి, మట్టి ఎంత లోతుందో, రాళ్లు ఎన్నున్నాయో రాసుకొచ్చారు. ఒక్కో ఊళ్లో ఒక్కో గొయ్యి ఒక్కో మాట చెబుతుంది. పటం మీద మాత్రం ఊరికి ఒకటే రంగు వెయ్యాలి.

అన్నిటినీ కలిపి ఒకటి చెయ్యడం ఎలాగన్నదే మా ఆఫీసులో తగువు. సగటు తీస్తే జానెడు లోతు రాతినేల, నిలువెత్తు లోతు నల్లనేల కలిసి, ఎక్కడా లేని మధ్యరకం నేల ఒకటి పుట్టుకొస్తుంది. ఏ నేల ఎక్కువుంటే ఆ రంగు వేద్దామంటే లోయల్లోని చిన్న చిన్న మంచి చేలు మాయమైపోతాయి. మంచిది ఎంత, చెడ్డది ఎంత అని వాటాలు చూపిద్దామని నేను పోరాను. మా పెద్దాయన వినలేదు.

"అన్నిట్లోకీ చెడ్డ గొయ్యేదో దాన్నే పట్టుకో. రేపు మొక్కలు చచ్చినా మననెవడూ ఏమీ అనడు" అన్నాడు.

అంటే మిగతా గోతులన్నీ బంగారమైనా, ఒక్కదాంట్లో రాయి తగిలితే ఊరంతా రాయే. ఆ లెక్కన, తవ్విన ఒకే ఒక్క గొయ్యిలో రాయి తగిలి కరకపుట్టు ఎర్రబడింది. మా పటంలో ఎరుపంటే పనికిరాదని. నేను నలుగురిలోనూ గట్టిగా అరిచాను. "అంత బాధగా ఉంటే పటం నువ్వే పట్టుకెళ్లి ఊరివాళ్లకు చూపించి రా" అన్నాడు పెద్దాయన. చూపించినట్టు ఎవరో ఒకరు వెళ్లి రావాలన్నది నియమం. ఎర్ర ఊళ్లకు వెళ్లడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు.

జూన్ మొదట్లో, తెల్లవారుతుండగా కిరండూల్ పాసింజరెక్కాను. వెళ్లదలచినవాళ్లు కుడివైపు కిటికీ పట్టుకోండి, లోయలు అటే. శృంగవరపుకోటలో ఇడ్లీ పొట్లం కొన్నాను. చట్నీ పులిసిపోయింది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెంతా కేకలు. ఎదురుగా కూర్చున్న బ్యాంకు ఉద్యోగి, పెళ్లాం పిల్లలతో అరకు చూడబోతున్నాడు.

"ఇంత పచ్చటి కొండలు ఎక్కడైనా ఉన్నాయాండీ?" అన్నాడు ఆనందం పట్టలేక.

ఆయన చూపిస్తున్న కొండల్లో సగం, నా ఒళ్లో చుట్టి ఉన్న కాగితం మీద ఎర్రగా ఉన్నాయి. ఆయన సంబరం పాడుచెయ్యడం ఇష్టంలేక, లేవనే అన్నాను.

మధ్యాహ్నం కాకముందే అరకులో దిగాను. బస్టాండు దగ్గర హోటల్లో భోజనం చేశాను. అన్నం వేడిగా ఉంది, అంతకుమించి చెప్పడానికేమీ లేదు. పాడేరు వెళ్లే బస్సు హుకుంపేట వైపు సాగాక దారిలో దిగి, గంటసేపు పైకి నడిస్తే కరకపుట్టు. చూడగానే జాలేసే ఊరు కాదు. పొందికగా, శుభ్రంగా ఉంది. ఆడవాళ్ల పొదుపు సంఘం నడిపే సోంబరి ఎదురొచ్చింది. యాభై దాటిన మనిషి.

"ఏటి బాబూ, మొక్కలట్టుకొచ్చీసినావా?"

నా జవాబు కోసం ఆగకుండా నన్ను ఇళ్ల కింది వాలుకు తీసుకెళ్లింది. వాలంతా వరసలు వరసలుగా గోతులు. పక్కన నల్లటి మట్టి కుప్పలు.

"సర్వే బాబులు వొచ్చెల్లినారు గదా, మొక్కలొచ్చీత్తాయనీసి ఊరంతా కలిసి తవ్వీసినాం. వాన పడ్డమే ఆలీసెం" అంది.

పటం విప్పాను. "ఏది మా ఊరు?" అంది. వేలు పెట్టి చూపించాను. "మాది ఎంత ఎర్రగున్నాదో!" అని మురిసిపోయింది. ఎరుపంటే నేల పనికిరాదని అర్థమమ్మా అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నిజానికి నేనూ నమ్మలేదు. మట్టి తోడే ఇనప గొట్టం సంచీలోంచి తీసి, వాళ్లు తవ్విన గోతి అడుగున దించి తిప్పాను. పిడి దాకా దిగిపోయింది. ఒక్క రాయి తగిలితే ఒట్టు.

"మరి సర్వేవాళ్లు ఎక్కడ తవ్వారమ్మా?"

సోంబరి కొండ నెత్తి మీది ముళ్ల పొదలు చూపించింది. "అదిగో, ఆ రాళ్లకాడ. ఆల్లొచ్చినప్పటికి ఇటుకల పండగ అవ్వలేదు. మా ఊళ్లో పండగయ్యి, ఇత్తనాలకి పూజయ్యేదాకా సేలో ఇనుము దించకూడదు బాబూ. అంత దూరం నుంచొచ్చినోల్లని తవ్వొద్దని ఎలాగంతాం? అందుకే ఎవులికీ సెందని సోటు సూపించినాం. గొయ్యి గొయ్యే గదా అనుకున్నాం."

మర్యాదగా చేసిన పని. ఇది చేనా కాదా అని ఆ కుర్రాళ్లు ఒక్క మాట అడగలేదు. ఆ కుర్రాళ్ల మీద, మా పెద్దాయన మీద ఒళ్లు మండిపోయింది. సోంబరి ఇంట్లో రాగి అంబలి తాగి, బడి వరండాలో పడుకున్నాను.

పొద్దున్నే ఆవిడా నేనూ కలిసి జీపులో పాడేరు వెళ్లాం. డ్రైవరు పక్కన నలుగురు, వెనక చెప్పలేనంతమంది. ఆవిడ ఒళ్లో అడ్డాకులో కట్టిన నల్లమట్టి ముద్ద. మొక్కల పంపకం చూసే ఆఫీసు ఒక అద్దె ఇంట్లో ఉంది. అక్కడి అధికారి మంచివాడే. మాకు టీ తెప్పించాడు. మట్టి వేళ్లతో నలిపి చూసి, "మంచి నేల" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కానీ సార్, మీ పద్ధతిలో చెడ్డ గొయ్యే కదా లెక్క? మీరు ఇంకెన్ని మంచి గోతులు కలిపినా ఆ రాతి గొయ్యి పోదు" అన్నాడు అంతలోనే.

"అది చేనులోది కాదండీ. బీడు" అన్నాను.

"ఊరి హద్దులోదే కదా. ఒక ఊరికి తీసేస్తే అన్ని ఊళ్లూ తీసెయ్యమంటాయి."

సోంబరి కలగజేసుకుని, "రాళ్లమీద మేం మాత్రం మొక్కేత్తామా బాబూ?" అంది.

"నిజమేనమ్మా" అన్నాడాయన, తలదించుకుని. పటం మడిచి నా చేతికిచ్చేశాడు.

మధ్యాహ్నం విశాఖ బస్సు బయల్దేరే ముందు సోంబరి కిటికీ దగ్గరికొచ్చింది. చినుకులు మొదలయ్యాయి.

"ఏటి సెయ్యమంతావు బాబూ? గోతులు ఉంచమంతావా, కప్పీమంతావా?"

ఉంచమందామని నోటిదాకా వచ్చింది. ఉంచి ఏం చేస్తారు?

"కప్పెయ్యండమ్మా."

"అయితే బేగి ఎల్లాల. వానకి నిండిపోతే మేకపిల్లలు పడిపోతాయి" అని, ఆకులోని మట్టి పారెయ్యకుండా చంకలో పెట్టుకుని జీపుల వైపు నడిచింది.

ఘాటు రోడ్డు దిగుతుంటే వాన పెద్దదైంది. ప్రతి మలుపులోనూ పచ్చదనం కళ్లు చెదిరేలా ఉంది. "ఈ నేల్లో ఏమేసినా పండుతుందండీ" అన్నాడు పక్క సీటాయన. అవునన్నాను. మన్యంలో చూడదగ్గవి చాలా ఉన్నాయి, వెళ్లి రండి. నాకు మాత్రం ఆ నల్లటి వాలే కళ్లముందు నిలిచిపోయింది. ఊరంతా కలిసి మంచి నేలలో తవ్వుకున్న అన్ని గోతుల్లో ఒక్కటి కూడా మా లెక్కలోకి రాలేదు. బస్సు చోడవరం చేరేసరికి వాళ్లు పూడ్చడం మొదలుపెట్టే ఉంటారు.