బేటాకూ అరేయ్‌కూ నడుమ ఒక మాస్టర్ సిలిండర్

ఆ రోజుల్లో నాకు కడుపులో మంట తరచుగా వస్తుండేది. కోరుట్ల బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు తినడం వల్ల అనుకుని రెండుమూడు సార్లు గోళీలు కూడా కొని మింగాను. తగ్గలేదు. ఆ మంటకు గోళీ లేదనీ, దాని పేరు కుళ్లు అనీ, అది రోజూ పొద్దున తొమ్మిదింటికి మల్లాపూర్ బస్సు దిగి నడుచుకుంటూ మా షెడ్డులోకి వస్తుందనీ నేను ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. (ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పట్లో ఆ బస్సు హారన్ వినపడితే చాలు, నా చేతిలో పానా జారిపోయేది.)

మాది సిరిసిల్ల, నేతపని వాళ్ల ఇల్లు. బయటివాళ్లు పవర్‌లూమ్ అంటారు, మేం సాంచ అంటాం. మా ఇంట్లో, పక్కన మామ ఇంట్లో పొద్దస్తమానం సాంచల దడదడే. ఆ చప్పుడూ, బట్టలకు అంటే ఆ నూనె మరకలూ నాకు పడవని అలిగి కోరుట్లకు వచ్చి, జగిత్యాల రోడ్డు మీద ఉన్న ఒక మెకానిక్ షెడ్డులో చేరాను. నూనె మరకలు పడనివాడు మెకానిక్ షెడ్డులో చేరడమేమిటని మీరు అడుగుతారు. మా మామ కూడా అడిగాడు.  షెడ్డు యజమానిని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. బ్రేకుల పనిలో ఆయనను మించినవాడు చుట్టుపక్కల లేడు. ఆయన నేర్పిన చదువు మొత్తం ఒక్క మాటలో ఉండేది: "ముందుగాల ఏలు పెట్టు, ఎనుక పాన పెట్టు." అంటే పానా పట్టుకుని బోల్టులు ఊడదీసే ముందు, బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బాలో వేలు ముంచి చూడాలి, రాసి చూడాలి, వాసన చూడాలి. ఐదేళ్లలో నేను పని బాగానే నేర్చుకున్నాను. వేలు పెట్టడం మాత్రం కొత్తగా నేర్చుకునేవాళ్లకు గానీ, నాలాంటి బ్రేకుల డాక్టరుకు ఎందుకని మానేశాను. (డాక్టర్ అన్న బిరుదు నాకు నేనే ఇచ్చుకున్నది.)

అప్పుడు వచ్చాడు మల్లాపూరోడు. అసలు పేరు ఉంది, కానీ నేను పలకదలుచుకోలేదు కాబట్టి షెడ్డులో ఎవరికీ గుర్తులేకుండా చేశాను. నా ఈడువాడే. అమ్మానాన్న కూలికి పోయేవాళ్లు, వీడు ఊళ్లో ట్రాక్టర్ల దగ్గర పని పట్టుకున్నాడు. మాట తక్కువ. నన్ను "అన్నా" అనేవాడు, అది కూడా నాకు ఎత్తిపొడుపులాగే వినపడేది. అసలు మంట ఎక్కడంటే, ఉస్తాద్ వాణ్ణి "బేటా" అని పిలిచేవాడు. నన్నేమో "అరేయ్". ఐదేళ్లు పనిచేసిన నేను అరేయ్, నిన్నగాక మొన్న వచ్చినవాడు బేటా. "బేటా, చాయ్ తాగినవా?" "అరేయ్, ఆ జాకీ ఏడ వడేసినవురా?" ఒకనాడు ఉస్తాద్ తన సాసర్‌లో చాయ్ వంచి వాడికిచ్చాడు. నేను ఆ వారమంతా చాయ్ మానేశాను. ఎవరూ గమనించలేదు. ఎనిమిదో రోజు నేనే పోయి అడిగి తాగాను.

ఈ మంట మీద పెట్రోల్ పోసినట్టు, ఉస్తాద్ జగిత్యాలలో ఇంకో షెడ్డు తీసుకున్నాడు. మా ఇద్దరిలో ఒకరిని అక్కడ పెట్టి, షెడ్డు వాళ్ల చేతిలో పెడతానని అన్నాడు. జగిత్యాల అంటే మాటలా? కొత్త రేకులు, సొంత తాళంచెవి, నా మాటే చివరి మాట. రోజూ పడుకునే ముందు నేను ఆ షెడ్డుకు మనసులో రంగు వేసుకునేవాణ్ణి. ఒక్కోసారి ఆ కలలోకి మల్లాపూరోడు వచ్చి రంగు బాగులేదనేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మామ తన పాత పికప్ తీసుకుని సిరిసిల్ల నుంచి వచ్చాడు. మా అమ్మ తమ్ముడు. సాంచలు నడిపించే ఆసామి. ఆ పికప్ ఆయనకు సొంత బిడ్డకన్నా ఎక్కువ, నూలూ బట్ట తానులూ అందులోనే మోసేవాడు. "అల్లుడా, బండి ముందటికి వోతలేదు. ఎవలో ఎనుక నుంచి గుంజుతున్నట్టే ఉన్నది. గంభీరావుపేట పోయచ్చెటాల్లకు చక్రాలు పెనం లెక్క కాలినయి. బ్రేకు మీద కాలువెడితె బండ మీద వెట్టినట్టు ఉంటున్నది," అన్నాడు. నేను ఉస్తాద్‌కు వినపడేలా గట్టిగా, "మాస్టర్ సిలిండర్ మామా, ఇంకేం గాదు," అని ప్రకటించాను. బ్రేకు తొక్కితే ఆయిల్‌ను చక్రాల దాకా నెట్టేది అదే. గుండెకాయ లాంటిది. గుండెకాయ ఆపరేషన్ చేసి చూపిస్తే జగిత్యాల తాళంచెవి నా జేబులో పడ్డట్టే.

విప్పాను. లోపలి రబ్బర్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. "డూప్లికేట్ మాల్," అని తీర్పు చెప్పి, రబ్బర్లు అమ్మిన ఎవరో ముక్కూమొహం తెలియని దుకాణదారును నాలుగు మాటలు తిట్టి, కొత్త రబ్బర్లు వేసి, డబ్బా నిండా కొత్త బ్రేక్ ఆయిల్ పోశాను. బండి లేడిపిల్లలా ఉరికింది. ఉస్తాద్ బీడీ తీసి, "అరేయ్, ఏలు వెట్టి సూసినవారా?" అని అడిగాడు. "సూసిన ఉస్తాద్," అన్నాను. చూడలేదు. మామ వెళ్లిపోయాక మల్లాపూరోడి వైపు చూసి ఒక నవ్వు నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

ఐదో రోజు పొద్దున పికప్ మళ్లీ వచ్చింది. దారిలో మూడుచోట్ల ఆగి, చక్రాలు చల్లారేదాకా చెట్టు కింద కూర్చుని, మళ్లీ కదిలి వచ్చానన్నాడు మామ. ఉస్తాద్ నా పక్కనుంచే నడిచి మల్లాపూరోడి దగ్గర ఆగాడు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. "బేటా, నువ్వు సూడు," అన్నాడు. నా మామ బండి, నా చేతి పని, నా కళ్లముందే మల్లాపూరోడి చేతికి పోయింది. నేను ఒక గుడ్డ పట్టుకుని, తుడవడానికి ఏమీ లేకపోయినా చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను. బండి వాడివల్ల కూడా బాగుపడకూడదని లోపల దేవుళ్లకు మొక్కుతున్నాను. మామ బండి బాగుపడకూడదని మొక్కిన మొదటి మేనల్లుణ్ణి నేనే అయ్యుంటాను.

వాడు తొందరపడలేదు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పాడు, కదలలేదు. తర్వాత మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు కొంచెం వదులు చేశాడు. ఆయిల్ చిమ్మింది, చక్రం గిర్రున తిరిగింది. "చక్రంల తప్పు లేదు ఉస్తాద్. పోయిన ఆయిల్ మల్ల ఎనుకకు అచ్చెటందుకు తొవ్వ లేదు. రబ్బరు ఉబ్బి, బొక్క మూసుకపోయింది," అన్నాడు. "గని కొత్త రబ్బరు ఐదు దినాలకే ఎందుకు ఉబ్బుతది?" అని తనలో తానే అనుకుని, డబ్బాలో వేలు పెట్టాడు. రాసి చూశాడు. వాసన చూశాడు. చాయ్ గ్లాసులో నీళ్లు తెమ్మని, అందులో రెండు చుక్కలు వేశాడు. అందరం వంగి చూశాం. బ్రేక్ ఆయిల్ అయితే నీళ్లలో కలిసిపోతుంది. ఇందులో నూనె పైకి తేలి, మెరుస్తూ అటూ ఇటూ తిరుగుతోంది.

"గిది బ్రేక్ ఆయిల్ గాదు, ఏదో కలిసింది," అన్నాడు. మళ్లీ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "అన్నా, గీ వాసన నీ అంగిల అస్తది గదా. సిరిసిల్ల పోయచ్చిన సోమారం సోమారం."

వాడు ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగాడు. నేను తెలియకుండానే భుజం వైపు ముక్కు తిప్పాను. నాకే వాసనా తెలియలేదు. పుట్టినప్పటి నుంచి పీల్చిన వాసన ముక్కుకు ఎలా తెలుస్తుంది? అది సాంచలకు పోసే నూనె. మామ మొహం వెలిగిపోయింది. "ఔ, సాంచల ఆయిలే. మా అల్లుడే ఫోన్ల చెప్పిండు, బ్రేకు డబ్బల ఆయిల్ తక్కువైతె ఆయిల్ పొయ్యి మామా అని. నేను పాతది గుడ పొయ్యలే ఉస్తాద్, కొత్త డబ్బ ఇప్పి పోసిన."

అప్పుడు గుర్తొచ్చింది. బండి చెడకముందు మామ ఫోన్ చేసిన మాట నిజమే. కానీ ఆ సమయానికి నేను ఉస్తాద్ సాసర్ మల్లాపూరోడి చేతికి పోవడం చూస్తున్నాను. "గింతదానికి ఫోనా మామా, ఆయిల్ పొయ్యి," అని పెట్టేశాను. షెడ్డులో ఆయిల్ అంటే ఒకటి, మామ ఇంట్లో ఆయిల్ అంటే ఇంకొకటి. సాంచల ఇంట్లో పుట్టి, బ్రేకుల షెడ్డులో పెరిగి, ఆ రెండు మాటలకూ తేడా తెలిసినవాణ్ణి ఆ ప్రపంచంలో నేనొక్కణ్ణే. చెప్పాల్సినవాణ్ణి నేనే. నేను పోసిన కొత్త ఆయిల్ పైన ఉంటే, పైపుల నిండా ఉన్న ఆ నూనె కొత్త రబ్బర్లను కూడా ఉబ్బించింది.

ఉస్తాద్ నా వైపు చూశాడు. "అరేయ్," అన్నాడు. అంతే. మిగతాది నాకు అర్థమైంది. నాలుగు చక్రాల్లోనూ ఉన్న ప్రతి రబ్బరూ మార్చి, పైపులన్నీ స్పిరిట్‌తో కడిగి, రెండు రోజుల పాటు ఆ పికప్ కింద పడుకుని పనిచేశాను. ప్రతి పైపులోంచీ మా ఇల్లు కారింది. మూడో రోజు మామ బండి బాగుపడి వెళ్లింది. ఆ వారమే మల్లాపూరోడు జగిత్యాల వెళ్లాడు. పోయేముందు నా దగ్గరికి వచ్చి, "పోయస్త అన్నా," అన్నాడు. నేను టైరు లోపలికి తల పెట్టి, వినపడనట్టు ఉండిపోయాను.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. ఆ తర్వాత ఏడేళ్లు ఉస్తాద్ దగ్గరే ఉండి, సిరిసిల్లలో సొంత షెడ్డు పెట్టుకున్నాను. ఇప్పుడు ఏ బండి వచ్చినా ముందుగాల వేలే పెడుతున్నాను. పోయినేడు ఉస్తాద్ పోయాడు. మట్టి ఇచ్చి వచ్చాక, మూసిన ఆ కోరుట్ల షెడ్డు ముందు నేనూ మల్లాపూరోడూ కూర్చున్నాం. వాడి జుట్టు నాకన్నా నల్లగా ఉంది, దానికి కూడా కొంచెం మండింది. ఏదో ఒకటి మాట్లాడాలని, "నిన్ను బేటా అంటుంటె నాకు కడుపుల మండేదిరా," అని చెప్పేశాను. వాడు ఆశ్చర్యంగా చూశాడు.

"బేటానా? పంచరుకు ఆగినోణ్ణి గుడ బేటా అనేటోడన్నా. దారిన పోయేటోళ్లందరు ఆయినకు బేటాలే. అరేయ్ అన్నది నిన్నొక్కన్నే. తిట్టినా నిన్నే తిట్టేటోడు, ఎదికినా నిన్నే ఎదికేటోడు. నాకు ఎంత కుళ్లు ఉండేదో నీకెరుకనా?" నేల వైపు చూస్తూ అన్నాడు, "నన్ను జగిత్యాల పంపిండు. నిన్ను దగ్గర పెట్టుకున్నడు. సొంతోన్ని ఎవలన్న దూరం పంపుతరా?"

 ఎదురుగా ఉన్నదాన్ని పీల్చి పీల్చి వాసన తెలియని ముక్కు నాది. సాంచల నూనె విషయంలోనే కాదు.

ఇప్పుడు నెలకోసారి ఫోన్ చేసుకుంటాం. షెడ్డులో అందరూ నన్ను సేటు అంటారు, కొత్తవాళ్లు ఉస్తాద్ అంటారు. ఆ పిలుపు కోసమే ఒకప్పుడు కలలు కన్నాను. మొన్న ఫోన్‌లో సిగ్గు విడిచి అడిగాను, "ఒక్కసారి నన్ను అరేయ్ అనరాదు? ఆయిన పోయినంక ఎవలు అంటలేరు," అని.  అటువైపు వాడు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. చివరికి, ఎంత ప్రయత్నించినా పాత అలవాటు వదలక, "అరేయ్... అన్నా," అన్నాడు.