ఓనరు గారి చుట్టాలు

లాగోస్‌లో బట్టలు కుట్టే అబొసెడెకి అనుమానం పుట్టుకతో వచ్చింది. టమాటాలు కొంటే బుట్ట అడుగుదాకా తిరగేస్తుంది. కొలతలు చెబితే నమ్మదు, మళ్ళీ తనే టేపు పెడుతుంది.

అలాంటి మనిషిని తమ్ముడు అకిన్లాబి తన కూతురి పెళ్ళికి అబూజా తీసుకెళ్ళడానికి ఏకంగా ప్రైవేటు జెట్టే మాట్లాడాడు. పెళ్ళికి అయినవాళ్ళంతా ఒకే రకం గుడ్డ కట్టుకోవడం వాళ్ళ ఆనవాయితీ. ఆమె కుట్టిన నీలం బట్టలు వేసుకుని చుట్టాలంతా విమానం దగ్గర నిలబడ్డారు. బేరం కుదిర్చిన ఏజెంటు చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"ఆంటీ, ఎవరైనా అడిగితే ఓనరు గారి చుట్టాలమని చెప్పండి, చాలు."

"ఎందుకట?"

"ఊరికేనండీ."

"అక్కా, మళ్ళీ మొదలెట్టావా!" విసుక్కున్నాడు అకిన్లాబి.

మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది అబొసెడె. "దీనికి కిరాయికి జనాన్ని ఎక్కించుకునే పర్మిట్ ఉందా, లేదా?"

ఏజెంటు తల గోక్కున్నాడు. "ఓనరు సొంతానికి కొనుక్కున్నదండీ. అందరూ ఇలాగే వెళ్తున్నారు."

"పైన ఏదైనా అయితే బీమావాళ్ళు మమ్మల్ని ఏమనుకోవాలి? చుట్టాలనా, దొంగబేరమనా?"

ఈసారి అకిన్లాబి కూడా మెట్ల దగ్గర నుంచి వెనక్కి జరిగాడు.

"ఒరేయ్, మన ఇంటి పెళ్ళికి మన గుడ్డ కట్టనివాడు చుట్టమెలా అవుతాడ్రా?" అంది అబొసెడె, సంచీ భుజానికి తగిలించుకుంటూ. "ఇన్ని బట్టలు కుట్టాను కదా, ఆ ఓనరుకి ఒక్క టోపీ అయినా కుట్టించావా?"