గొట్టంలో ఆకాశం

మా బావను ఆసుపత్రిలో అందరూ ‘కదలకండి గారు’ అంటారు. స్కానింగ్ గదిలో, అద్దానికి ఇవతల మైకు ముందు కూర్చుని పొద్దస్తమానం అతను అనేది ఆ మాటే. గొట్టంలాంటి ఆ యంత్రంలో బెంబేలెత్తిపోయే వాళ్లకు తను రాసుకున్న కవితలు కూడా వినిపిస్తాడు. ఇంట్లో మాత్రం మా అక్క వాటిని చెవిన పెట్టదు. చెట్టూ పిట్టా తప్ప మనుషులే దొరకరా అని దెప్పుతుంది. మరదలిని కాబట్టి నేను ఇంకో రెండు కలిపి ఏడిపిస్తాను.

ఆ రోజు గొట్టంలో పడుకున్నది అక్కే. నేను ఇవతల బావ పక్కన నిలబడ్డాను. కొంతకాలంగా తలనొప్పి, చూపు మసకబారడం. తల లోపలి బొమ్మలు చూడనిదే వైద్యం మొదలుపెట్టలేనని డాక్టరు తేల్చేశాడు. అంతకుముందు ఒకసారి పడుకోబెడితే కేకలు పెట్టి బయటికొచ్చేసింది. ఈసారీ కదిలితే ఎలా అని నా భయం. బావ పరిస్థితి నాకంటే అధ్వానం.

మైకు నొక్కి, కంగారులో అలవాటు కొద్దీ, “కదలకండమ్మా” అన్నాడు.

“నేను మీకు అమ్మనెప్పుడయ్యానండీ?” అని అక్క లోపలే నవ్వింది. మొదటి బొమ్మ కాస్తా చెదిరిపోయింది. అంతలోనే ఆమె గొంతు మారిపోయింది. “నావల్ల కాదు. పైన మూతేసినట్టుంది. తీసేయండి.”

ఆపేస్తాడేమోనని భయపడ్డాను. బావ ఆపలేదు. తడుముకుంటూ అప్పటికప్పుడు కట్టి చెప్పాడు:

“చేను మీదుగా గాలి వస్తోంది,
కంకులు తలలు వంచి దారిస్తున్నాయి.
పిట్ట ఒకటి ఎగిరి
ఆకాశాన్ని ఇంకాస్త పైకి నెట్టింది.”

బిగుసుకున్న అక్క కాలివేళ్లు మెల్లగా వదులయ్యాయి. చెప్పొద్దూ, నాకూ ఊపిరాడింది.

తెర మీదికి బొమ్మలు తేటగా రాసాగాయి. ఒకదాంట్లో తెల్లటి మచ్చ. నాకేం తెలుస్తుంది, బావ చూపు అక్కడే ఆగిపోతే తెలిసింది. మైకు మీంచి వేలు తీసి, గట్టిగా గాలి పీల్చుకుని, మళ్లీ నొక్కాడు. ఆ చేలో వాన కురిపించాడు, ఎండ కాయించాడు, గట్ల వెంట పూలు పూయించాడు. బుగ్గల మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి గాని, గొంతు వణకలేదు.

అంతా అయ్యాక కళ్లు తుడుచుకుని వెళ్లి బల్ల బయటికి లాగాడు. అక్క ముఖం హాయిగా ఉంది.

“అప్పుడే ఆపేశారేమండీ? ఇంకాసేపు ఉండేదాన్ని” అంది.