మందల దగ్గర నా మొదటి పెట్టుబడి

రాష్ట్రం వచ్చాక హైదరాబాద్‌లో కొత్త వ్యాపారాలకు చేయూతనిచ్చే ఆఫీసులు చాలా వెలిశాయి. అలాంటి ఒకదాంట్లో ఆరేళ్లు పనిచేశాను. పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు ఎలా నిలబడాలి, ఏది ముందు చెప్పాలి, ఏది మింగేయాలి, ఇవన్నీ కొత్తగా వ్యాపారం పెట్టే పిల్లలకు నేర్పడమే నా ఉద్యోగం. నోరున్నదాన్ని కదా, అతికినట్టు సరిపోయింది.

అంతలో ఇంకో చోటు నుంచి పిలుపొచ్చింది. లాభంతో పాటు నలుగురికి మేలు జరిగే వ్యాపారాల్లోనే డబ్బు పెట్టే చిన్న సంస్థ అది. ఇన్నాళ్లూ అడిగేవాళ్ల పక్కన నిలబడ్డదాన్ని, ఇక ఇచ్చేవాళ్లలో ఒకదాన్ని! ఎగిరి గంతేసి మా ఊరు కేతేపల్లికి ఫోన్ చేశాను. మా బాపు, "అంటే ఫైనాన్సా బిడ్డా? కిస్తీ కట్టకుంటే బండి గుంజుకపోతరు, గదేనా?" అన్నాడు. కాదని అరగంట చెప్పాను. జర పైలం, జాగ్రత్తగుండు అని ఫోన్ పెట్టేశాడు.

మొదటి పెట్టుబడి ఎవరికి ఇప్పించాలో నాకు ముందే తెలుసు. కల్వకుర్తి దగ్గర గొర్లు కాసే ఇంటి అమ్మాయి, రెండేళ్లు నా చేతిలో తయారైంది. ఇంకో పదిమంది ఆడవాళ్లకు పని నేర్పించింది. వాళ్లంతా మందల దగ్గరికే వెళ్లి గొర్లకు కడుపులో పురుగులు పోయేలా నట్టల మందు తాగిస్తారు, టీకాలు వేస్తారు. డబ్బు వస్తే ఫోన్లో యాప్ చేయించాలన్నది నా సలహా. రాకపోతే వానలు పడేలోగా మూసేయాల్సిందే, ఆ మాట తనే నాతో అంది.

మా సంస్థ పెద్దాయన తన కళ్లతో చూడాలన్నాడు. ఇద్దరం పొద్దున్నే అక్కడికి వెళ్లాం. పల్లి పీకిన చేనులో మంద ఆపారు. గొంగడి పరిచి మమ్మల్ని కూర్చోబెట్టారు. నాకు సంతోషంతో కూర్చున్నచోట కుదురు లేదు. ఆయన అమ్మాయిని ఏమడిగినా జవాబు నా నోటి నుంచే వస్తోంది. ఆపుకుందామంటే ఆగదే!

"మిమ్మల్ని వద్దనుకుని వెళ్లిపోయిన మందలవాళ్లు ఉన్నారా?" అని అడిగాడాయన.

"అబ్బే, లేరు సార్," అన్నాను నేను.

అమ్మాయి నా చేతి మీద చెయ్యి వేసింది. "ఆగక్కా, నన్ను చెప్పనియ్యి. ఉన్నరు సార్. పోయిన వానకాలం కరెంటు పోయి ఫ్రిజ్‌ల టీకా మందు ఖరాబైంది. తెల్వక గదే ఏసినం. మందల చిటుకు రోగమొచ్చి గొర్రెపిల్లలు సచ్చినయ్. మూడు మందలోళ్లు మమ్ముల రావొద్దన్నరు. వాళ్ల తప్పేం లేదు."

అయిపోయింది, కొంప మునిగింది అనుకున్నాను. పాత ఉద్యోగంలో అయితే ఆ ముక్క పలకనిచ్చేదాన్నే కాదు. ఆయన మాత్రం పుస్తకంలో రాసుకుంటూనే, డబ్బిస్తే ముందు ఏం కొంటావని అడిగాడు. ఇంకో ఫ్రిజ్, ఇన్వర్టర్ అంది. యాప్ మాటే ఎత్తలేదు! ఆ పాత ఫ్రిజ్ చూపించమన్నాడు. ఊళ్లోకి నడిచాం. తలుపు తీసి చూశాడు, వైర్లు చూశాడు, కరెంటు ఎన్ని గంటలుంటుందో అడిగాడు. బయటికొచ్చి, "ఇద్దాం," అన్నాడు నాతో. ఒక్క మాటే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అంత ఆనందం.

ఆయన కారెక్కగానే అమ్మాయిని పక్కకు లాగాను. సంతోషం సంతోషమే, కోపం కోపమే. ఇంత జరిగితే ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని నిలదీశాను.

"నువ్వెన్నడన్న అడిగినవా అక్కా? రెండేండ్లసంది నువ్వే చెప్తున్నవ్, నేను ఇంటున్న."

చెంప మీద కొట్టినట్టయింది. ఒక్క క్షణం ఒళ్లు మండింది. తర్వాత నాకే నవ్వొచ్చింది, ఆ నవ్వు ఆగలేదు. వెళ్లిపోయిన ఆ మూడు మందల వాళ్లు ఎక్కడుంటారని అడిగాను. గుట్టవతలే మేపుతున్నారంది. కారును పంపించేసి తన స్కూటీ ఎక్కాను. అక్కడ నేను నోరు విప్పను, వాళ్లు చెప్పేది వింటాను అన్నాను.

"సూద్దాం," అని బండి స్టార్ట్ చేసింది.